మిల్లు గుమస్తా పథ్యం

ఇవాళ్టినుంచి అన్నం తగ్గించాలి అనుకుంటూ సాంబశివరావు నిద్ర లేచాడు. షుగరు ఎక్కువుందని, మూడు నెలల్లో దారికి రాకపోతే రోజూ సూది తప్పదని తెనాలి డాక్టరు చెప్పాడు. సూదంటే సాంబశివరావుకు చచ్చేంత భయం. పళ్ళెంలో సగం కూరలు, పావు పప్పో గుడ్డో, మిగిలిన పావే అన్నమని డాక్టరు బల్లమీద వేలితో గీసి మరీ చూపించాడు. భార్య పద్మజ క్యారేజీ నిండా బీరకాయ కూర, పప్పు, ఉడికించిన గుడ్డు, కీరా ముక్కలు సర్ది, అన్నం మాత్రం పిడికెడు పెట్టింది.

"ఈ కాస్త సరిపోద్దా అండీ?"

"సరిపోకపోతేనే మంచిదట," అన్నాడు నీరసంగా.

చిక్కల్లా ఒక్కటే. సాంబశివరావు చుండూరులో బియ్యం మిల్లు గుమస్తా.

మధ్యాహ్నం చీరాల నుంచి బేరానికి వచ్చిన సుందరయ్య ఆ క్యారేజీలోకి తొంగి చూశాడు. పక్కవాడి క్యారేజీలోకి చూడకపోతే మనవాళ్ళకు తిన్నది అరగదు కదా!

"ఏంటండీ, అన్నమేది?"

"తగ్గించానండి."

"మిల్లులో ఉండి అన్నం తగ్గించడమేంటండీ?"

షుగరని చెప్పొచ్చు. చెబితే కాకరకాయ రసం, మెంతుల నీళ్ళు, రేపల్లెలో ఎవరో ఇచ్చే ఆకు మందు, అన్నీ వినాలి. అంత ఓపిక సాంబశివరావుకు లేదు. "ఏం లేదులెండి," అని ఊరుకున్నాడు.

ఆ ఊరుకోవడమే కొంప ముంచింది. సుందరయ్య బేరం తర్వాత చూద్దామని లేచి, బస్సెక్కక ముందే రేపల్లె వ్యాపారికి ఫోన్ చేశాడు. "గుమస్తానే ఆ బియ్యం ముట్టట్లేదండీ. అడిగితే మాట దాటేశాడు." రేపల్లె వ్యాపారి బాపట్ల హోటలువాళ్ళతో, బియ్యంలో ఏదో కలుపుతున్నారట అన్నాడు. పొద్దు వాలేసరికి బాపట్ల నుంచి మిల్లుకు ఫోన్ వచ్చింది. "మీ గుమస్తా ఆసుపత్రిలో ఉన్నాడటగా?" ఆ ఫోన్ ఎత్తింది సాంబశివరావే. తానే ఆ గుమస్తానని, బాగానే ఉన్నానని ఎంత చెప్పినా అవతలివాడు నమ్మలేదు.

మిల్లు యజమాని బ్రహ్మయ్య పిలిపించాడు. "నీకేం ద్రోహం చేశానయ్యా సాంబయ్యా?"

"నాకు షుగరండి. ఆ సంగతి అందరికీ చెప్పేస్తానండి."

బ్రహ్మయ్య నెత్తి పట్టుకున్నాడు. "చంపావు! మన బియ్యం తినే షుగరొచ్చిందంటారు. నోరెత్తకు. రేపట్నుంచి కాటా పక్కన, అందరూ చూస్తుండగా కడుపునిండా అన్నం తిను. లేకపోతే ఇంకో మిల్లు చూసుకో."

ఈ వయసులో ఇంకో మిల్లా? మర్నాడు కాటా పక్కన అరిటాకు వేశారు. అన్నం గుట్టగా పోశారు. ఎవరైనా బేరగాడు గేటులో కనబడితే చాలు, "ఇంకో రెండు గరిటెలు వెయ్యండ్రా," అని బ్రహ్మయ్య లోపల్నుంచి కేకేసేవాడు. క్యారేజీ నిండుగా తిరిగొస్తే పద్మజ ఊరుకోదు కాబట్టి బీరకాయ కూర, గుడ్డు, కీరా ముక్కలు కూడా సాంబశివరావే తినాల్సొచ్చేది. పాపం, డాక్టరు చెప్పినవాటిలో ఒక్కటీ వదిలిపెట్టలేదు. సాయంత్రం తెనాలి బస్సులో కూర్చుంటే లేవబుద్ధయ్యేది కాదు. ఏడుపొచ్చేది.

వారం తిరక్కుండా పుకారు చచ్చింది. సుందరయ్య స్వయంగా వచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని, సాంబశివరావు గోంగూరన్నం తినడం కళ్ళారా చూసి, రెండు లారీలకు మాటిచ్చాడు. బ్రహ్మయ్య పట్టలేని సంతోషంతో ఆయనకూ ఆకు వేయించాడు.

"వద్దండీ, నాకు షుగరు. అన్నం మానేసి చాన్నాళ్ళైంది," అంటూ సుందరయ్య సంచిలోంచి పుల్కాలు తీశాడు.

"అరె, మీక్కూడానా? మా ఇంట్లోనూ రెండు పూటలా జొన్నరొట్టేనండి!" అని బ్రహ్మయ్య కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఇద్దరూ పుల్కాలు పంచుకున్నారు.

తింటూ తింటూ సుందరయ్య జాలిగా ఇటు తిరిగాడు. "ఏమీ అనుకోకండి సాంబశివరావు గారూ. ఈ వయసులో ఇంతన్నం మంచిది కాదండీ. కాస్త తగ్గించుకోండి. లేకపోతే సూదుల దాకా వస్తుంది."

సాంబశివరావు తలూపాడు. నోట్లో ముద్ద ఉంది.