ఆర్విల్‌కి ఒక పూట తెల్ల టోపీ

ఆ రోజు పొద్దున దర్శకుడు గస్ హాలరన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు బ్యాంకు దోపిడీ, పన్నెండు లోపల ఆర్విల్ టిబెట్స్ చావు, ఆ తర్వాత భోజనాలు. ఆరు రోజుల్లో ఒక కౌబాయ్ సినిమా చుట్టి అవతల పారేసే కంపెనీలో అంతకంటే పెద్ద పథకాలు ఎవరూ వేసుకోరు.

ఆర్విల్ ఆ కంపెనీకి ఆస్థాన విలన్. నల్ల టోపీ, నల్ల కోటు, కొసలు మెలితిప్పిన సొంత మీసం. మనిషి మాత్రం ఈగను తోలడానికి కూడా మొహమాటపడే రకం. పదకొండేళ్ళుగా బ్యాంకులు దోచి, పశువులను దొంగిలించి, చివరి రీలులో గుండె పట్టుకుని కూలిపోతున్నాడు. మాటల సినిమాలు వచ్చి ఐదేళ్ళయినా అతనికి దక్కిన డైలాగు "చేతులెత్తండి" ఒక్కటే.

నటుల దుస్తులు చూసుకునే మేబెల్ తెచ్చిచ్చిన టెలిగ్రాం చదువుకుని ఆ దొంగలరాజు సారాకొట్టు మెట్ల మీద కూలబడ్డాడు.

"ఏమైందయ్యా? ఎవరైనా పోయారా?" అంది మేబెల్.

"మా అమ్మ వస్తోంది. పదకొండు గంటల బస్సుకి. షూటింగు చూస్తుందట."

"మంచిదేగా!"

"ఏం మంచి? నేను హీరోనని ఆవిడ అనుకుంటోంది. పదకొండేళ్ళ నుంచి నేనే రాస్తున్నాను."

మొదటి ఉత్తరంలో అది చిన్న అబద్ధమే. తర్వాత ప్రతి నెలా దానికి కాస్త మేత వేస్తూ వచ్చాడు. నెబ్రాస్కాలో వాళ్ళ ఊరికి సినిమా హాలు లేదన్నది అతని ధైర్యం. ఇప్పుడు తల్లి కళ్ళముందే బ్యాంకు దోచి కుక్కచావు చావాలి. ఆవిడ కళ్ళలో తను పలచనైపోతే ఇక బతికేం లాభమని అతనికి నిజంగానే దిగులు పట్టుకుంది.

సంగతి విన్న గస్ కాసేపు చుట్ట నమిలాడు. పైకి అరుస్తాడు గానీ లోపల వెన్నపూస.

"ఒక్క షాటు. కెమెరాలో ఫిల్ము ఉండదు. నువ్వు తెల్ల టోపీ పెట్టుకుని విలన్ని పట్టుకో. మీ అమ్మ చూసి సంతోషిస్తుంది. ఆవిణ్ణి భోజనానికి పంపించి, నువ్వొచ్చి నీ చావు నువ్వు చద్దువుగాని. సరేనా?"

హీరో లైల్ కార్డెన్ కూడా మంచివాడే. అందగాణ్ణన్న జబ్బు ఒక్కటే. "విలన్‌గా నిలబడతాను, కానీ చావను," అన్నాడు.

"ఫిల్మే లేదు కదయ్యా, ఎవరు చూస్తారు?"

"నా గుర్రం చూస్తుంది!"

గుర్రం పేరు బిస్కెట్. దాని సంగతి అప్పుడే ఆలోచించి ఉంటే బాగుండేది.

మేబెల్ పని మొదలెట్టింది. లైల్ తల పెద్దది. అతని తెల్ల టోపీ ఆర్విల్ చెవులు దాటి ముక్కు మీద ఆగింది. లోపల పాత పేపరు కుక్కింది. హీరోకి మీసం ఉండదు కాబట్టి ఆర్విల్ మీసం గొరిగేసింది. విలన్‌కి ఉండాలి కాబట్టి ఆ వెంట్రుకలనే జిగురుతో లైల్ మూతికి అతికించింది. అది చూసి గస్ నెత్తి బాదుకున్నాడు.

"ఓసి నీ చాకచక్యం తగలెయ్యా! నిన్నటిదాకా తీసిన సగం సినిమాలో వాడికి మీసం ఉందే!"

అప్పటికే బస్సు వచ్చేసింది. హల్డా టిబెట్స్ దిగింది. పొట్టి మనిషి, బిగించి కట్టిన జడకొప్పు, చేతిలో గొడుగు. గస్ తన కుర్చీ ఆవిడకిచ్చి, మెగాఫోను నోటి దగ్గర పెట్టుకుని, "కానివ్వండి!" అన్నాడు.

బిస్కెట్ మీద ఆర్విల్ వీధిలోకి దూసుకొచ్చాడు. వెనకే ఏడుగురు బందిపోట్లు కూడా దూసుకొచ్చారు. పదకొండేళ్ళుగా వాళ్ళకు తెలిసింది ఆర్విల్ వెనకాల పోవడమే.

"ఒరేయ్, అటు కాదు! మీ నాయకుడు బ్యాంకు దగ్గర ఉన్నాడు!" అని గస్ అరిచాడు. డెక్కల చప్పుడులో ఎవరికీ వినబడలేదు.

ఇక బిస్కెట్. బ్యాంకు ముందు నల్ల టోపీ కనబడితే ఆ మనిషిని పంట్లాం పట్టుకుని ఈడ్చి నీళ్ళ తొట్టిలో పడేయడం దానికి నేర్పిన విద్య. టోపీ కింద తల ఎవరిదన్నది దానికి ఎవరూ నేర్పలేదు.

"బిస్కెట్! నేనే! రోజూ క్యారెట్లు పెట్టేది నేనే!" అని లైల్ కేకలు పెట్టాడు. బిస్కెట్ వృత్తిధర్మం తప్పలేదు. లైల్ తొట్టిలో పడ్డాడు. పడుతూ పడుతూ చేతిలోని ఉత్తుత్తి తుపాకీ పేల్చాడు.

ఆ చప్పుడు చెవిన పడగానే ఆర్విల్ ఒళ్ళు అతని మాట వినలేదు. చెయ్యి దానంతటదే గుండె మీదికి పోయింది. జీను మీద నుంచి జారి, ఒక మెలిక తిరిగి, దుమ్ములో వెల్లకిలా పడి చచ్చిపోయాడు. నాయకుడు కూలగానే ఏడుగురు బందిపోట్లు పారిపోయారు. ఆర్విల్ చస్తే సంబరపడటం ఊరిజనం వేషాల వాళ్ళ పని, వాళ్ళు టోపీలు గాల్లోకి ఎగరేసి, "బతికిపోయాం!" అని గంతులేశారు.

తర్వాత గానీ ఎవరికీ బుర్ర పనిచేయలేదు. చచ్చింది హీరో అని అప్పుడు తట్టింది. ఆర్విల్ కళ్ళు తెరవలేదు. తెరిస్తే అమ్మ ముఖం చూడాలి.

గొడుగు మొన వచ్చి అతని డొక్కలో గుచ్చుకుంది.

"లేవరా. మీసం ఏం చేశావు?"

ఆర్విల్ ఒక కన్ను తెరిచాడు. ఇల్లు విడిచి వచ్చేనాటికి అతనికి మీసం లేదు. ఉత్తరాల్లోనూ ఎప్పుడూ రాయలేదు.

"మీసం సంగతి నీకెలా తెలుసమ్మా?"

"శనివారం శనివారం పక్క ఊరికి గుడ్లమ్మడానికి పోతాను కదరా. అమ్మేశాక సినిమాకి పోతాను. ముప్ఫై ఎనిమిది సార్లు చచ్చావు, అన్నీ చూశాను. మొదటిసారి మాత్రం హాల్లోనే గొల్లుమన్నాను. మర్నాడు నీ ఉత్తరం వచ్చాక మనసు కుదుటపడింది."

"మరి ఒక్క మాటైనా రాయలేదేం?"

"అంత సంబరంగా రాస్తుంటే ఎలా చెప్పమంటావు? అయినా హీరోదేముందిరా, గుర్రమెక్కి పళ్ళికిలిస్తే సరి." తొట్టిలో లైల్ పళ్ళు కనబడకుండా నోరు మూసుకున్నాడు. "నువ్వు తలుపు తన్నుకుని లోపలికొస్తే ఆ హాల్లో పిల్లలు కుర్చీల కింద దూరతారు. వీడు నా కొడుకేనని అందరికీ చెప్పుకుంటాను. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

ఆర్విల్ దుమ్ములో కూర్చుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. పదకొండేళ్ళ బరువు ఒక్కసారిగా దిగిపోయింది. మేబెల్ అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. గస్ గడియారం చూసుకున్నాడు గానీ అందులో టైమెంతయిందో అతనికి సరిగా కనబడలేదు.

"మరి అసలు షాటు ఎప్పుడు?" అని హల్డా అడిగింది.

"ఇప్పుడేనమ్మా, మీరు చూస్తానంటే. సారాకొట్టు కప్పు మీద నుంచి పడాలి," అన్నాడు గస్.

ఆవిడే వెళ్ళి తొట్టిలోంచి నల్ల టోపీ తీసి, నీళ్ళు పిండి, కొడుకు నెత్తిన పెట్టింది. మేబెల్ లైల్ మూతి మీది మీసం ఊడబీకి దాని సొంతదారు మూతికి అంటించింది. ఈసారి కెమెరాలో ఫిల్ము వేశారు. తుపాకీ పేలింది. ఆర్విల్ కప్పు అంచున ఊగి, గాలిని పట్టుకోబోయి, కింద గడ్డిబండి మీద కూలాడు. బందిపోట్లు, ఊరిజనం, తడిసిన లైల్ అందరూ చప్పట్లు కొట్టారు.

హల్డా కొట్టలేదు.

అలా ఆర్విల్ టిబెట్స్ ఆ రోజు మళ్ళీ ఇంకోసారి చావవలసి వచ్చింది. కప్పు మీద నుంచి పడిన ఆ చావు వాళ్ళమ్మకు నచ్చలేదు.