రక్షిత బాలల జాబితా

సకల జనుల సమ్మెతో బడులు మూతపడి, పిల్లలు ఇళ్లలో కంప్యూటర్లకు అతుక్కుపోయిన రోజుల్లో, ఎల్బీనగర్ శాంతివనం కాలనీలో ఇంటర్నెట్ బాలల రక్షణ సంఘం ఏకగ్రీవంగా అవతరించింది. ప్రత్యేక రాష్ట్రం విషయంలో ఒకరి మొహం ఒకరు చూసుకోని పెద్దలు పిల్లల కోసం ఒకే వేదిక ఎక్కారు. గుంటూరు నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే పట్టాభి అధ్యక్షుడు. ఒకప్పుడు ఇక్కడే సేద్యం చేసి, ఇప్పుడు ప్లాట్లు అమ్మే బాలకృష్ణ కార్యదర్శి.

“పేరు, ఫోటో, చిరునామా అపరిచితులకు ఇవ్వరాదు,” అని పట్టాభి గంటసేపు ఉపన్యసించాడు. తొమ్మిదో తరగతి చదివే ఆయన కూతురు మృదులకు ఇందులో కొత్తేమీ లేదు. రెండేళ్లుగా ఇంటర్నెట్‌లో ఆమె పేరు సన్నజాజి. మొహం ఉండాల్సిన చోట గొడుగు బొమ్మ. తానెవరో ఎవరికీ తెలియని ఆ చోటే ఆమెకు కాస్త ఊపిరాడేది.

ఎవరిని రక్షిస్తున్నారో లోకానికి తెలియాలి కదా. సంఘం వెబ్‌సైట్ తెరిచింది. పిల్లల జాబితా అంటే పట్టాభికి తెలిసిన నమూనా ఒక్కటే, దిల్‌సుఖ్‌నగర్ ర్యాంకుల హోర్డింగు. ఆ ప్రకారమే నూట పన్నెండు మంది ఫోటో, పేరు, బడి, ఇంటి నంబరు, ఫోను, ట్యూషన్ వేళ వరుసగా కొలువుదీరాయి.

మూడో రోజు ఇంటి ఫోను మోగింది. “మృదులా, ఫోటోలో పసుపు చుడీదార్ బాగుంది. రోజూ ఐదింటికేగా ట్యూషన్? అదే వేసుకొని రా,” అంది ఒక మగ గొంతు.

ఆమె వెంటనే తండ్రికి చెప్పింది. “నంబరు ఎవడికిచ్చావే?” అంటూ ఆయన కంప్యూటర్ వైరు పీకి బీరువాలో పెట్టాడు.

“నేనివ్వలేదు నాన్నా. మీరే ఇచ్చారు. నా ఫోటో తీసేయండి.”

అత్యవసర సమావేశం జరిగింది. “అధ్యక్షుని బిడ్డనే తీసేస్తే మంది ఏమనుకుంటరు సార్? ఏందో దాస్తున్నరంటరు,” అన్నాడు బాలకృష్ణ. తల్లిదండ్రుల నుంచీ తీవ్రమైన ఫిర్యాదులు వచ్చాయి, మార్కులెందుకు వేయలేదని. “మా హరీష్‌కు తొంభై ఆరు శాతం. గా ముచ్చట రాయకపోతె ఎట్ల?” అంది అరుణమ్మ.

మార్కులు చేర్చారు. సమ్మె వల్ల కరెంటు కోతలు ఎక్కువై వెబ్‌సైట్ అందరూ చూడలేకపోతున్నారు గనుక, జాబితాను కూడలిలో హోర్డింగుగా నిలిపారు. ఫోటో ఎక్కడిదక్కడే ఉంది.

సమ్మె ఏదైనా ట్యూషన్‌కు సెలవు లేదు. ఐదింటికి మృదుల మొహానికి చున్నీ చుట్టుకొని బయలుదేరింది. హోర్డింగు కింద పదిహేను మంది మగవాళ్లు తలలెత్తి ఒక్కో ఫోటోనూ పరిశీలిస్తున్నారు. ఫోన్ చేసినవాడు వీళ్లలో ఉన్నాడేమోనని ఆమె ఒక్కో మొహమూ చూసింది. అందరి చూపూ ఒకేలా ఉంది. చున్నీ ఇంకాస్త బిగించింది.

“మొహం దాచుకుంటావేంటే? ఇంతమందిలో నీ ఫోటోదే మొదటి వరుస,” అన్నాడు వారిలో ఒకాయన గర్వంగా.

ఆయన వాళ్ల నాన్న.