లక్కీగాడికి రాగి నీళ్ళు

మొయినాబాద్‌లో ఆ ఉదయం జైపాల్ వేసుకున్న పథకం చిన్నదే. చేవెళ్లలో చుట్టాల పెళ్ళికి వెళ్ళాలి, భోజనాల దగ్గర పెద్దలను పట్టుకోవాలి, వార్డు కౌన్సిలరుగా నిలబడతానని చెప్పి మాట తీసుకోవాలి. వార్డులో సగం ఓట్లు ఆ పెళ్ళికి వచ్చే చుట్టాలవే.

మోకాళ్ళ నొప్పులతో తల్లి నిర్మలమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయింది. "అమ్మా, లక్కీగాడు జర పైలం" అని చెప్పి, భార్య అక్షయతో కారెక్కాడు జైపాల్. లక్కీగాడంటే హాల్లో అద్దాల తొట్టిలో ఉన్న చేప. నెత్తిన ఇంత బొప్పి. అది ఇంట్లో ఉంటే పదవి వస్తుందని ఎవరో చెప్పగా తెచ్చాడు.

ఆ చేప వారం రోజులుగా మూలన నక్కి, మేత ముట్టడం లేదు. నిర్మలమ్మకు జాలేసింది. తాను రోజూ రాగిచెంబులో నీళ్ళు తాగే కదా అజీర్తి నుంచి తేరుకుంది! ఆ చెంబునే తొట్టిలో ముంచి పెట్టి, కొడుక్కి ఫోన్ చేసి చెప్పింది.

పెళ్ళిపందిట్లో అక్షయ సెల్లులో వెతికి నోరు తెరిచింది. "రాగి చేపలకు విషమంటండీ!"

"అమ్మా, రాగి విషమంట! చెంబు తియ్యి!" బాజాల మోతలో జైపాల్ అరిచాడు.

"విషమా? మరి పొద్దుగాల లేచి నన్ను రోజూ తాగమన్నది నువ్వే కదరా!" అంతకన్నా గట్టిగా అరిచింది నిర్మలమ్మ.

గోడ అవతల కరివేపాకు తెంపుతున్న పక్కింటి మైసయ్య చేతిలో కొమ్మ జారిపోయింది. వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేశాడు. తర్వాత పెళ్ళిలో ఉన్న కృష్ణయ్యకు, అంటే నిర్మలమ్మ తమ్ముడికి చేశాడు. "పటేలా, జైపాల్ రోజూ తల్లికి విషం తాగిపిస్తున్నడట!"

ఇవేవీ తెలియని జైపాల్ ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. "వాన్ని తీసి దేంట్ల ఏసినవమ్మా?"

"ఇనుప బకెట్ల."

"దానికి జింకు పూత ఉంటది, అది కూడ మంచిది కాదంట" అంది అక్షయ.

"అయితే ఇత్తడి బిందెల ఏస్త."

"ఇత్తడంటే రాగి, జింకు రెండూనమ్మా!"

"నీ చేప పాడుగాను! మరి నా నెత్తిన పెట్టుకోవాల్నా?"

చివరికి స్టీలు గంజు అయితే కాసేపు ఫరవాలేదని తేలింది. లక్కీగాడు అందులోకి దిగేసరికి వాకిట్లో అంబులెన్సు ఆగింది. "పేషెంటు ఎక్కడమ్మా?" అన్నారు వచ్చినవాళ్ళు. నిర్మలమ్మ గంజు చూపించింది. వాళ్ళు ఆమెను కూర్చోబెట్టి బీపీ చూశారు. అప్పుడు మాత్రం నిజంగానే ఎక్కువగా ఉంది.

అరగంటలో నాలుగు కార్లు వచ్చాయి, ముందు జైపాల్‌ది, వెనకే చుట్టాలవి. కృష్ణయ్య చొక్కా మీద అక్షింతలు ఇంకా రాలలేదు. "కన్నతల్లికి విషం పెట్టేటోనికి మేము ఓట్లెయ్యాల్నా?" అని మేనల్లుడి కాలరు పట్టుకున్నాడు.

"నన్నేమన్నడురా వాడు! చేప ముచ్చట గది!" అని నిర్మలమ్మ అడ్డం వచ్చాక గానీ వదల్లేదు. సంగతంతా విన్నాక చుట్టాలు చెంబును తిట్టడం మొదలుపెట్టారు. తేలికపడ్డ జైపాల్ కూడా వాళ్ళతో కలిసి తిట్టాడు.

అక్షయ తొట్టి కడుగుదామని అడుగున రాళ్ళు తీసింది. కింద అరచేతంత రాగిరేకు, పచ్చగా చిలుము పట్టి ఉంది. "ఇదెవరు పెట్టిండ్రు?"

అందరూ జైపాల్ వైపు చూశారు. అతడు ఫ్యాను వైపు చూశాడు. "వాస్తు చెప్పేటాయన పెట్టమన్నడు. నెల దినాలాయె. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు" అన్నాడు నెమ్మదిగా.

గంజులో లక్కీగాడు తోకాడిస్తూ మొదటి మేత గింజను గుటుక్కున మింగాడు. కృష్ణయ్య కాసేపు చేపను చూసి, అక్కను చూశాడు.

"వాడు తింటలేడని ఇంట్ల చూసిన మనిషివి నువ్వొక్కదానివే అక్కా. వార్డుకు నువ్వే నిలబడు."

"నా మోకాళ్ళో?" అంది నిర్మలమ్మ. కానీ వద్దనలేదు.

నామినేషన్ నాడు కారు తోలింది మాత్రం జైపాలే.