కళ్ళజోళ్ళాయన గోల్ఫ్ ఐరన్లు

సోమవారం పొద్దున్నే బావమరిది దుకాణానికి వెళ్ళి, గోల్ఫ్ ఐరన్లు, అదే బంతి కొట్టే ఇనప తల కర్రలు, కొనుక్కుని, తొమ్మిదింటికల్లా వచ్చి తన దుకాణం తెరుచుకోవాలని కళ్ళజోళ్ళాయన అనుకున్నాడు. అరగంట పని. వారం పట్టింది.

ఇదంతా మనవరాలి కోసం. నెల నిండినా ఆ పిల్లకి పేరు లేదు. తన తల్లి పేరు పెట్టాలని ఈయన పట్టు. ఒంటిచేత్తో అద్దాలు అరగదీసి దుకాణాన్నీ కొడుకునీ నిలబెట్టిన మనిషి ఆవిడ. కాదు, తన తల్లి పేరే పెట్టాలని వియ్యంకుడు పళ్ళ డాక్టరు పట్టు. మధ్యలో నలిగిన కూతురు ఒకరోజు తేల్చేసింది.

"ఆదివారం మీరిద్దరూ ఎలాగూ గోల్ఫ్ ఆడతారుగా నాన్నా. గెలిచినవాళ్ళు చెప్పిన పేరు పెడతాను. అందాకా నా బుర్ర తినకండి."

బావమరిదిది ఆటసామాన్ల దుకాణం. అడిగినదానికి తప్ప నోరు విప్పని మనిషి. రెండు రకాల ఐరన్లు తీసి బల్లమీద పెట్టాడు. ఒక రకానికి తల లావుగా, అడుగు వెడల్పుగా ఉంది. రెండో రకం చాకులా పల్చగా మెరుస్తోంది.

"లావువి నేర్చుకునేవాళ్ళకి బావా. బంతి కాస్త పక్కకి తగిలినా ముందుకే పోతుంది. పల్చటివి చెయ్యి తిరిగినవాళ్ళకి. సరిగ్గా నడిమధ్య తగలాలి, లేకపోతే చేతులు జివ్వుమంటాయి. పది కొడితే నీకెన్ని తగుల్తాయి?"

మూడు. అదీ గాలి లేని రోజున.

"ఎనిమిది" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

గోడమీది అక్షరాలు కనపడకపోయినా బట్టీపట్టి చదివేసేవాళ్ళని ముప్ఫై ఏళ్ళుగా పట్టుకుంటున్న మనిషి ఆయన. కానీ లావువి చూస్తే వియ్యంకుడు నవ్వుతాడు. పల్చటివి చూస్తే హడలిపోతాడు. హడలిపోయినవాడు సరిగ్గా ఆడలేడు. ఇదీ ఆయన లెక్క. పల్చటివే పట్టుకెళ్ళాడు.

"వారంలోపు ఎప్పుడైనా మార్చుకోవచ్చు" అన్నాడు బావమరిది, ఎందుకైనా మంచిదని.

మంగళవారం సాధనకి వెళ్ళిన కళ్ళజోళ్ళాయన నలభై బంతులు కొట్టాడు. అందులో ఎక్కువభాగం ఎలుకల్లా గడ్డిలో పాకాయి. అరచేతులు కందిపోయి, సాయంత్రానికి కళ్ళజోడు మర బిగించడానికి కూడా వేళ్ళు వంగలేదు. ఇంట్లో మాత్రం, "అద్భుతంగా పోతోంది బంతి" అన్నాడు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని తాగుతున్న భర్తని భార్య చూసింది.

బుధవారం ఆయన పనికి వెళ్ళగానే ఆవిడ ఐరన్ల సంచీ మొత్తం ఆటోలో వేసుకుని తమ్ముడి దగ్గరికి వెళ్ళింది.

"ఊళ్ళోవాళ్ళందరికీ ఎవరి అద్దాల నంబరు వాళ్ళకిస్తారు. తనకి మాత్రం పక్కవాడి నంబరు కావాలి మీ బావకి. ఇవి తీసేసి లావువి పెట్టరా. ఆయనకి చెప్పకు."

ఆ ఇంట్లో గొడుగు నుంచి గరిటె దాకా అన్నిటికీ ఆవిడ గోళ్ళరంగుతో ఎర్ర చుక్క పెడుతుంది, పోకుండా. అలవాటు కొద్దీ ఈ లావు ఐరన్ల పిడుల చివర కూడా పెట్టింది. తలలకి పల్చటివాటికున్న గుడ్డ తొడుగులే తొడిగి, పిడులు కిందికి వచ్చేలా సంచీలో దించి, ఎక్కడిది అక్కడ పెట్టేసింది.

గురువారానికి కళ్ళజోళ్ళాయన పొగరు దిగింది. తొడుగులు తీస్తే దారిలో ఎవరైనా చూస్తారని, సంచీని అలాగే ఎత్తుకుని బావమరిది దగ్గరికి పోయాడు.

"ఇవి వద్దు. రెండో రకం ఇవ్వు. మీ అక్కకి చెప్పకు."

"బావా, లోపల ఏమున్నాయో ఓసారి..."

"నేను కొన్నవి నాకు తెలీవా? మాట్లాడకుండా మార్చు."

బావమరిది మాట్లాడకుండా సంచీ లోపలికి తీసుకెళ్ళి మార్చాడు. లావువి పోయి అవే తొడుగుల్లోకి మళ్ళీ పల్చటివి వచ్చాయి. ఇక చేతులకి విశ్రాంతి కావాలని ఆయన ఆదివారం దాకా సంచీ ముట్టుకోలేదు.

శుక్రవారం పళ్ళ డాక్టరు వచ్చాడు. "పదిలో నాలుగు తగుల్తాయయ్యా నాకు. దానికి తగ్గవి ఇవ్వు" అన్నాడు. లావువి పట్టుకుపోయాడు.

ఆదివారం మైదానానికి అందరూ వచ్చారు, చేతుల్లో పిల్లతో కూతురు కూడా. కళ్ళజోళ్ళాయన ధీమాగా మొదటి తొడుగు లాగాడు. చాకులాంటి ఐరన్ తళుక్కున మెరిసింది.

"బావగారూ, మీరింత ముదిరారని నాకు తెలీదు" అన్నాడు పళ్ళ డాక్టరు. ఆయన మొహం పాలిపోయింది. కళ్ళజోళ్ళాయన మొహం అంతకంటే పాలిపోయింది. భార్య తమ్ముడి వైపు గుడ్లురిమింది. తమ్ముడు ఆకాశంలో ఏదో వెతుక్కున్నాడు.

ఆయన కొట్టిన మొదటి బంతి చెరువులో పడింది. రెండోది మొదటిదాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. మూడోది గడ్డికోసే బండికి తగిలి వెనక్కి, బయల్దేరిన చోటికంటే ఇంకా వెనక్కి వచ్చింది. పళ్ళ డాక్టరు మొదట్లో బెదిరినా, ఆయన బంతులు మాత్రం బుద్ధిగా ముందుకే పోయాయి. తొమ్మిదో గుంట దగ్గర ఆట ముగిసేసరికి లెక్క చూడాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు. కళ్ళజోళ్ళాయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు. అమ్మ పేరు తన నోటితోనే పోగొట్టుకున్నాడు, ఎనిమిది అనే ఒక్క మాటతో.

"అయితే పేరు..." అంటూ పళ్ళ డాక్టరు ఐరన్ నేలకి ఆనించి నిలబడ్డాడు. పిడి చివర ఎర్ర చుక్క కనపడింది.

"అన్నయ్యగారూ, ఆ చుక్క నేను పెట్టిందండీ" అంది కళ్ళజోళ్ళాయన భార్య.

అందరూ బావమరిది వైపు తిరిగారు.

"అక్క చెప్పొద్దంది. బావ చెప్పొద్దన్నాడు. చెప్పలేదు" అని, బుధవారం నుంచి శుక్రవారం దాకా జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు.

పళ్ళ డాక్టరు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "న్యాయంగా నేను గెలవలేదు బావగారూ. చెల్లెమ్మ ఎంచిన ఐరన్లు గెలిచాయి" అన్నాడు.

"అయితే మా అమ్మ పేరే పెడతాను" అంది కూతురు. తాతలిద్దరూ సరేనన్నారు.

ఆ తర్వాత కళ్ళజోళ్ళాయన లావు ఐరన్లే కొనుక్కున్నాడు, ఆటా కాస్త బాగుపడింది. కానీ ఆ పేరు పెట్టి గట్టిగా కేకేసే ధైర్యం మాత్రం ఆయనకి ఉయ్యాల దగ్గర కూడా లేదు.