తిమింగలం నాణెం ధర ఇంకా పెరగాలి!

ఖర్చుపెట్టుకోవడానికి పనికొచ్చే డబ్బంత దండగమారి వస్తువు లోకంలో ఇంకోటి లేదు. నేను నాలుగో క్లాసు గడప దాటినదాన్ని కాదు గానీ, ఈ ముక్క ఏ బ్యాంకు మేనేజరు ముందైనా బల్లగుద్ది చెబుతాను.

మామూలు డబ్బునే చూడండి. పొద్దున జేబులో ఉంటే మధ్యాహ్నానికి మందుల షాపులో తేలుతుంది. వట్టి తిరుగుబోతు! అదే లిమిటెడ్ ఎడిషన్ నాణెమా? బుద్ధిగా డబ్బాలో కూర్చుంటుంది. కూర్చున్నచోటే ధర పెంచుకుంటుంది. మా ఆయన కూడా రిటైరయ్యాక కూర్చున్నచోటి నుంచి కదల్లేదు, మరి ఆయన ధరెందుకు పెరగలేదో!

మా పెద్దాడికి సైకిళ్ళు బాగుచేసే షాపుంది. వాడు కొన్నాడు ఈ నాణెం. వెండిదే, కాదనను. ఒకవైపు తిమింగలం బొమ్మ, రెండోవైపు నా కళ్ళకి ఆనని అక్షరాలు. ఇలాంటివి కొన్నే చేసి, ఒక్కోదానికీ ఒక నంబరు వేసిన కార్డు ఇచ్చి, ఆ తర్వాత అచ్చు పగలగొట్టేశారట. మా కాలంలో అచ్చు పగిలితే కంసాలి నెత్తీనోరూ బాదుకునేవాడు. ఇప్పుడు కావాలని పగలగొట్టి చప్పట్లు కొడుతున్నారు!

"ముట్టుకోకమ్మా! వేలిముద్ర పడితే సగం ధర పోతుంది!" అని అరుస్తాడు.

"నిన్ను వీధిలో ప్రతివాళ్ళూ ఎత్తుకునే పెంచారు కదరా, నీకేం పోయింది?"

"నాకు రీసేల్ లేదు కదమ్మా!"

అది మాత్రం నిజం. ఉంటే వాడి అల్లరి రోజుల్లోనే ఒక ఆలోచన చేసేదాన్ని.

ఇక మా కోడలు. పాపం, దానికి మార్కెట్ తెలివి బొత్తిగా లేదు. ఇంట్లో కూర్చుని బట్టలు కుడుతుంది. బడిపిల్లల యూనిఫారాలు ఒప్పుకుందో లేదో, మిషన్ మొరాయించింది. జానెడు కుట్టు పడితే దారం పుటుక్కుమంటుంది. మెకానిక్ విప్పి చూసి, "దీని మీద ఆశ వదులుకో వదినా," అనేశాడు. బడి తెరిచేలోగా బట్టలు ఇవ్వకపోతే ఆ పని ఎదురింటి టైలర్‌కి పోతుంది. మళ్ళీ దీని మొహం చూడరు.

"ఏమండీ, ఆ చేపని అమ్మేసి నాకో మిషన్ కొనరాదా?" అంది.

"చేప కాదే, తిమింగలం!" అన్నాడు వాడు రోషంగా.

అయినా అమ్మాడు. మూల మీద క్షవరం షాపతను, వాడికీ ఈ పిచ్చే, కొన్నదానికి మూడింతలిచ్చి పట్టుకెళ్ళాడు. చూశారా రీసేల్ మహిమ! కోడలు ఎగిరి గంతేసి మిషన్ల షాపుకి పోయి, నచ్చినదాని ముందు కూర్చుని, ఒట్టి గుడ్డముక్క మీద కుట్టు వేసి చూసుకుని, "ఎవరికీ ఇవ్వకండి, సాయంత్రం డబ్బు తెస్తా," అని చెప్పి వచ్చింది.

ఆ సాయంత్రమే క్షవరం షాపతను దాన్ని కరెంటు పనివాడికి ఇంకా ఎక్కువకి అమ్మాడు. ఫోన్‌లో ఆ ముక్క చూసి మావాడు నీళ్ళు లేని చేపలా గిలగిల్లాడిపోయాడు.

"మునిగిపోయానమ్మా!"

మూడింతలకి అమ్మినవాడు మునిగిపోయాడట! మిషన్ డబ్బుకి కోడలు దాచుకున్నది కూడా కలిపి, కరెంటు పనివాడి ఇంటికి పరుగెత్తి, అదే నాణేన్ని కొనుక్కొచ్చాడు. కార్డు మీది నంబరు చూపిస్తూ, "మనదేనమ్మా! మన తిమింగలమే ఇంటికొచ్చింది!" అని ఒకటే చిందులు.

అదే నాణెం. అదే డబ్బా. అదే బీరువా. అయినా ధర పెరిగిందా లేదా? క్షవరం షాపతనికి లాభం, కరెంటు పనివాడికి లాభం, మావాడికి అందరికన్నా ఎక్కువ లాభం, ఎందుకంటే ఇప్పుడు వాడి నాణెం ఖరీదైన నాణెం! ఇంత సంపద పుట్టిన ఇంట్లో కోడలి మొహమే ఎందుకో మాడిపోయింది. చేత్తో సూది పట్టుకుని, "పోనీలెండి అత్తమ్మా, అంత పెద్ద తిమింగలం కదా, చొక్కాలు అదే కుడుతుందేమో!" అంది. ఎంత అసూయో చూడండి!

మర్నాడు నేనే ఆ డబ్బా కొంగులో చుట్టుకుని నాణేల షాపుకి వెళ్ళాను. ఓనరు చూడగానే లేచి నిలబడ్డాడు. ఇవాళ్టి రేటు చెబితే నాకు కళ్ళు తిరిగాయి.

"అయితే ఇవ్వు నాయనా," అన్నాను.

"అది మేం అమ్మే రేటు పెద్దమ్మా! కొనాలంటే వెండి తూకానికే కొంటాం."

నీళ్ళలో గేదె, గట్టుమీద బేరం! అయినా నేను నిరుత్సాహపడలేదు. తూకానికి ఇచ్చేదాన్నా నేను? కొంగు బిగించి తిరిగొచ్చేశాను. ఇంతటి వస్తువు విలువ నాలుగు మంచి మాటలు చెబితే గానీ జనానికి తెలియదని, ఇదిగో, ఇంతసేపూ చెప్పుకొచ్చాను.

కాబట్టి బాబులూ, అమ్మలూ, ధర రోజురోజుకీ పెరుగుతోంది. డబ్బా మూత తియ్యలేదు. వేలిముద్ర పడలేదు. నంబరు కార్డు భద్రంగా ఉంది. మీలో ఎవరికైనా కాస్త ఆశ, ఇంకాస్త అమాయకత్వం, ఇంట్లో ఊరికే పడున్న ఓ కుట్టుమిషన్ ఉంటే చెప్పండి, వస్తువుకి వస్తువు మార్చుకుందాం. మిషన్ పాతదైనా పర్లేదు, దారం తెగకపోతే చాలు.

బడి తెరిచేలోగా రండి. వచ్చేది పగటిపూట రండి, మావాడు షాపులో ఉంటాడు.