డాక్టరు అభిలాష్ గారి సంతకం

"పసిపిల్లల ఒంటి మీద దెబ్బ కనబడితే పోలీసులకు రిపోర్టు రాయడం వైద్యుడి ధర్మం. ఆ ధర్మం కోసం ప్రాణమైనా ఇస్తాను" అని డాక్టరు అభిలాష్ గారు సోమవారం మా మండల దవాఖానలో ప్రకటించారు. విలేకరిని కనుక వార్త నేనే పంపాను. ఫొటోతో సహా వచ్చింది.

ఆ అవకాశం మంగళవారమే వచ్చింది. తండా నుంచి రుక్కి తన మనవరాలు గీతను తీసుకొచ్చింది. ఎనిమిదేళ్ల పిల్ల. జబ్బ మీద మూడు వాతలు.

"ఎవరు పెట్టిన్రు?" అన్నారు డాక్టరు గారు.

"విద్యాసాగర్ దొర. పాలు పొంగినయని గరిట కాల్చి పెట్టిండు. ఆళ్ల ఇంట్ల పని చేస్తది. ఉరికొచ్చింది. మళ్ల తోలియ్యిమని మనుషులను పంపుతుండు. నువ్వు రాస్తే పోలీసులు ఆపుతరంట. జర రాయి సారూ, పిల్ల దక్కుతది."

డాక్టరు గారు కళ్లు తుడుచుకున్నారు. అది కూడా నోట్ చేసుకున్నాను. ఫారం తీశారు, పెన్ను తీశారు, ఆగిపోయారు.

"అవ్వా, దీని మీద ఏమున్నదో ఎరుకేనా? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని ఉన్నది. గిసొంటి కాగితం మీద సంతకం పెట్టనని మొన్న సమ్మె టెంటుల ఒట్టు పెట్టుకున్న. తెలంగాణ రానియ్. మొదటి సంతకం నీ మనవరాలికే."

"ఎప్పుడొస్తది సారూ?"

"ఢిల్లీని అడగాలె."

"అందాక పిల్లనెక్కడ దాచాలె?"

అబ్బ, ఏం నిష్ఠ! వాతలకు మందు మాత్రం తెల్లకాగితం మీద రాసిచ్చారు. రిపోర్టు కూడా తెల్లకాగితం మీదే రాయొచ్చు కదా అన్నాను.

"రూల్స్ ఒప్పుకోవు" అన్నారు బాధగా.

అంతలో బయట జై తెలంగాణ నినాదాలు. పొద్దున పదింటికి రిలే దీక్షలో కూర్చున్న విద్యాసాగర్ గారిని పన్నెండింటికల్లా నలుగురు మోసుకొచ్చారు. గీత చప్పున నాయనమ్మ చీర చాటుకు పోయింది.

"ఆకలైతుంది డాక్టర్. ఊకె దీక్షల నుంచి లేస్తే ఇజ్జత్ పోతది. జర కాగితం రాయి."

డాక్టరు గారు నాడి చూసి, సొరుగు లాగి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అని ఉన్న సర్టిఫికెట్ మీద రెండు చోట్ల సంతకం పెట్టారు. నేను ముఖం చూస్తే "ఎమర్జెన్సీ" అన్నారు.

అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: "దీక్ష వెంటనే విరమించాలి. పది రోజులు విశ్రాంతి. గంటగంటకు నిమ్మరసం ఇచ్చేందుకు, కాళ్లు ఒత్తేందుకు ఇంట్లో ఒక మనిషి తప్పనిసరి."

విద్యాసాగర్ గారు శ్రద్ధగా చదువుకుని, చీర చాటున ఉన్న గీతను చూశారు.

"డాక్టరే రాసిండు కదనే. నడువ్."

రుక్కి పిల్లను వదల్లేదు. మోసుకొచ్చిన నలుగురూ కలిసి విడిపించి, ఈసారి గీతను ఎత్తుకున్నారు.

విద్యాసాగర్ గారు నడిచే వెళ్లారు.