ఒక సున్నా తక్కువ మిక్సీ

మూడు ఆవకాయ సీజన్ల నుంచి మావారిని మిక్సీ అడుగుతున్నాను. మొదటి ఏడాది "రోలుంది కదా" అన్నారు. రెండో ఏడాది "రోకలి కూడా ఉంది కదా" అన్నారు. మూడో ఏడు చూపించడానికి ఇంట్లో ఇంకేమీ మిగల్లేదు కాబట్టి "చూద్దాం" అన్నారు.

ఆ చూద్దాం ఓ ఆదివారం పొద్దున పేపరు మడతలోంచి జారిపడింది. నూజివీడు బజారులో శేషగిరిరావు గారి ఎలక్ట్రికల్ షాపు కరపత్రం. మూడు జార్ల మిక్సీ, వేసవి ధర రూ. 160.

"హైమా! నూట అరవైకే మిక్సీ!" మావారి కేకకి పక్కింటి పిల్లి గోడ దిగిపోయింది.

"పదహారు వందలయ్యుంటుందండీ. ప్రెస్సువాడు సున్నా మింగేశాడు."

"మింగితే కడుపునొప్పి వాడికి, మనకేంటి? వినియోగదారుల చట్టం వచ్చి రెండేళ్లయింది. అచ్చులో ఏముంటే అంతకే ఇవ్వాలి."

"చట్టంలో అలా ఉందా?"

"అన్నీ చదువుతూ కూర్చుంటే సీజను అయిపోతుంది."

మావారి పేరు లక్ష్మీనరసింహారావు. మామిడికాయల కమిషన్ వ్యాపారం. ఓసారి కండక్టరు అర్ధరూపాయి చిల్లర ఇవ్వలేదని మా స్టాపు దాటి డిపో దాకా వెళ్లి, రిక్షాకి మూడు రూపాయలిచ్చి ఇంటికొచ్చారు. అప్పట్నుంచి మార్కెట్టులో 'లాపాయింటు లక్ష్మీనరసింహారావు' అంటారు. ఆయన దాన్ని బిరుదనుకుంటారు.

సంచీ పట్టుకుని నేనూ షాపుకి వెళ్లాను. కరపత్రం చూసి శేషగిరిరావు గారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు.

"అచ్చుతప్పండీ బాబూ! నాకు పడిందే పదమూడు వందల యాభై. సరే, పొరపాటు నాది కాబట్టి పద్నాలుగు వందలకి పట్టుకెళ్లండి. ఉన్నది ఈ ఒక్క పీసే. మీరు కాదంటే శుక్రవారం చాట్రాయి వాళ్లు తీసుకెళ్తామన్నారు."

నేను సంచీ విప్పాను.

"మడిచెయ్," అన్నారు మావారు. "శేషగిరి గారూ, మా మార్కెట్టులో తువాలు తీశాక మాట మార్చిన మగాడు లేడు."

మా ఊరి మామిడి బేరాలు పదిమందికీ వినబడేలా జరగవు. కొనేవాడూ అమ్మేవాడూ తువాలు కింద చేతులు కలిపి, వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. వేళ్లకి అంకెలే తెలుసు, సున్నాలు తెలియవు. అవి వందలో వేలో నోటితో అనుకోవాలి. తువాలు తీశారంటే బేరం ఖాయం.

ఆ వారమంతా మా ఇంట్లో మిక్సీ తప్ప అన్నీ తిరిగాయి. రిజిస్టర్డ్ పోస్టులో ఒక నోటీసు వెళ్లింది. జిల్లా ఫోరానికి రాసిన ఫిర్యాదుని మావారు నాకు పొద్దున ఒకసారి, భోజనాల దగ్గర ఒకసారి చదివి వినిపించారు. ఆవకాయకి తెచ్చిన కాయలు మాత్రం మూలనే కూర్చుని పండబారసాగాయి.

"కాయలు మెత్తబడుతున్నాయండీ."

"న్యాయం ఆలస్యం కావచ్చు హైమా."

"కావచ్చు. ఆవకాయ కాకూడదు."

గురువారం పొద్దున శేషగిరిరావు గారు మా అరుగు మీద కూలబడ్డారు. మజ్జిగ ఇచ్చాను.

"మీరైనా చెప్పండమ్మా. కేసంటే మా ఆవిడ రెండు రోజులుగా అన్నం తినట్లేదు."

"ఇంట్లో చెబితే వినరండీ. పదకొండింటికి మార్కెట్టుకి వెళ్లండి. బేరం మీద ఉంటారు, ఒక చెయ్యి ఖాళీగా ఉండదు, లేచి ఎక్కడికీ పోలేరు."

ఆయన్ని పంపి, క్యారేజీ సర్దుకుని వెనకాలే నేనూ బయల్దేరాను. అన్నం చల్లారకూడదు కదా.

మార్కెట్టులో మావారు చిన్న రసాల కుప్ప పక్కన కూర్చుని ఉన్నారు. ఆయన కుడిచెయ్యి తువాలు కింద బెజవాడ బేరగాడు చిన్నరాయప్ప చేతిలో ఉంది. ఎడమచెయ్యి శేషగిరిరావు గారి ముక్కు ముందు ఊగుతోంది.

"ఒక్కసారి నా మాట వినండి రావుగారూ..."

"వినను! నూట అరవై!"

"అంత తక్కువకి ఎలా..."

"నూట అరవై అంటే నూట అరవై! పైసా ఎక్కువ ఒప్పుకోను!"

చిన్నరాయప్ప తువాలు లాగేసి లేచి నిలబడ్డాడు.

"ఖాయం రావుగారూ! వేళ్లు ఒకటీ ఆరూ నొక్కాయి, నోరు నూట అరవై అంది. ఒరేయ్, బండి కట్టండ్రా!"

మావారి ఎడమచెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"అది... పదహారు వందలయ్యా! నేనన్నది మిక్సీ సంగతి! పొరపాటు!"

"ఇంతమంది విన్నారండీ. మీరే కదా వారం నుంచి చెబుతున్నారు, అన్న ధరకి ఇచ్చి తీరాలని. మేమూ వినియోగదారులమే."

చుట్టూ చేరిన జనం ఒక్కసారిగా ఘొల్లుమన్నారు. పదహారు వందల కుప్ప. అందులో తోట రైతుకి ఇవ్వాల్సింది మావారి జేబులోంచే పోవాలి. ఆయన మొహం కోసిన ముంజకాయలా తెల్లబోయింది.

నేను క్యారేజీ కింద పెట్టాను.

"చిన్నరాయప్ప గారూ, మీరు లాపాయింటే మాట్లాడారు. మరి ఈయన అక్కడ పొరపాటుని పొరపాటే అని ఒప్పుకుంటే, మీరిక్కడ ఒప్పుకుంటారా?"

"రావుగారు నోటితో అంటే ఒప్పుకుంటానమ్మా. పదహారు వందలూ ఇచ్చేస్తాను."

అందరూ మావారి నోటి వంక చూశారు. అది తెరుచుకోవడానికి పట్టినంతసేపు మా పెళ్లిలో ముహూర్తానికి కూడా పట్టలేదు.

"మనిషన్నాక... పొరపాటు జరుగుతుంది శేషగిరి గారూ."

"పద్నాలుగు వందలేనా?" అడిగాను.

"ఊఁ."

"ఇవాళే?"

"ఊఁ అన్నాను కదా!"

మధ్యాహ్నం షాపులో శేషగిరిరావు గారు మిక్సీ పెట్టెకి పురికొస కట్టారు. కేసు తప్పిన సంబరంలో గబగబా బిల్లు రాసి మావారి చేతికిచ్చారు. మావారు చదివారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. భుజం మీంచి తొంగిచూశాను. రూ. 140 అని ఉంది.

మావారు కాసేపు ఫ్యాను వైపు చూశారు, మిక్సీ వైపు చూశారు, చివరికి నావైపు చూశారు.

"శేషగిరి గారూ," అన్నారు గొంతు సవరించుకుని, "ఆ పెన్ను ఒకసారి ఇటిస్తారా?"

పెళ్లయిన పన్నెండేళ్ల నుంచి ఆయన చేతిరాత చూస్తున్నాను. అంత గుండ్రటి సున్నా ఎప్పుడూ పెట్టలేదు.